వంకాయ రంగు సముద్రం

"చెప్పు సూపించి మా ఆయన్ని లాకప్పులో ఎట్టినారు. కత్తి కాదు, నెత్తురు కాదు, చెప్పు!"

మేడమెట్లు ఎక్కుతూనే మొదలుపెట్టింది కాళమ్మ. జంగ్లీఘాట్ నుంచి మిడిల్ పాయింట్ దాకా మిట్టమధ్యాహ్నపు ఎండలో నడిచొచ్చింది. ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా గ్లాసు పట్టుకునే చెప్పుకుపోతోంది.

"మాట్లాడు తల్లీ. గుటక గుటకకీ మధ్య మాట్లాడు," అంది దయావతి.

దయావతి ముప్పై ఏళ్ళు ఈ దీవి రేవులో మద్రాసు ఓడ ఎక్కే ఆడవాళ్ళ సంచులు సోదా చేసింది. రిటైరయ్యాక ఊళ్ళోవాళ్ళ పోయిన సొమ్ములూ పోయిన మనుషులూ వెతికిపెడుతోంది. సంచి తెరవమనగానే మనిషి చెయ్యి ఎటు పోతుందో చూడాలి, దాచిన సరుకు అటువైపే ఉంటుంది. ఆవిడ నేర్చిన విద్యంతా అదే, ఇప్పటిదాకా అది అన్నం పెడుతూనే ఉంది.

ఇప్పుడు వెతుకుతున్నది యిర్మియాని. పాత కంప్యూటర్లు బాగుచేసుకుంటూ, పెళ్ళి మాటెత్తితే నవ్వేసి, చెల్లెలు ప్రేమావతి ఇంటి మేడమీద ఈ ఒక్క గదిలో బతికే మనిషి. నిన్న సోమవారం తెల్లారేసరికి మంచం ఖాళీ. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఆ మందు కింద ఫ్రిజ్‌లో అలాగే ఉంది. ఇప్పటికి మూడు పూటలు తప్పాయి. నాలుగో పూట కూడా తప్పితే మనిషి స్పృహలో ఉండడని డాక్టరు ప్రేమావతికి మొహం మీదే చెప్పాడు. అందుకే ఆ పిల్ల ఏడవడం కూడా మానేసి గోడకి ఆనుకుని కూర్చుంది. పిల్ల అంటే నలభై దాటినదే, దయావతి కళ్ళకి పిల్ల.

"ఆ చెప్పు ఎక్కడ దొరికింది కాళమ్మా?"

"మా డోంగీ పడవలో, వలల కింద. యిర్మియా బాబుదే, ఎడంకాలిది. ఆ జీవరాజు బాబే తీసి పోలీసోళ్ళకి సూపించినాడు. మా బంగారురాజు ముంచేసినాడంట! శనివారం టీవీ మోసుకొచ్చి ఇచ్చినోడు, సోమవారం ముంచేస్తాడేటి?"

"వలల కిందా? పైన కాదా?"

"కింద! అక్కడే నాకు ఒళ్ళు మండింది దీదీ. మా డోంగీలోకి చెప్పు ఎలగొస్తాది? ఒడ్డున ఇప్పీసి ఎక్కుతాం. గంగమ్మ తల్లి నెత్తిమీద కాలెట్టినట్టు కాదేటి? నీళ్ళల్లో తేలతన్న చెప్పయినా తెడ్డుతో అవతలకి తోస్తారు గాని లోపలెట్టరు. అన్నం తెచ్చే వల కింద చెప్పెడతాడా, పిచ్చోడైనా?"

దయావతి విసనకర్ర ఆపింది. "పోలీసులకి ఈ మాట చెప్పావా?"

"మూడుసార్లు సెప్పినాను. మూడుసార్లు నవ్వినారు."

"నేను నవ్వడం లేదు. ఆ చెప్పు పెట్టినవాడికి సముద్రం తెలుసు గాని మీ ఇంటి ఆచారం తెలీదు."

మెట్లమీద బూట్ల చప్పుడైంది. జీవరాజు. దయావతి కింద రెండేళ్ళు సోదా పని నేర్చుకుని, ఆ తర్వాత అద్దాల తలుపుతో సొంత ఆఫీసు పెట్టుకున్న డిటెక్టివ్. బూట్లతోనే గదిలోకి వచ్చాడు. కాళమ్మ ఆ బూట్లకేసి చూసి మొహం తిప్పుకుంది.

"నమస్తే దీదీ. కేస్ ఖతమ్ అయ్యాక వచ్చారు. రేవులో కూడా ఇంతే, ఓడ విజిల్ వేశాక సంచి తెరిచేవారు."

"మనిషి దొరికాడా జీవా?"

"దొరుకుతాడు. సముద్రం ఉంచుకోదు కదా, ఒకటి రెండు రోజుల్లో..."

"ఆ మాట చెల్లెలి ముందు అనకు. డోంగీలో వలల కింద చూడమని నీకెవరు చెప్పారు?"

"పరిశోధన."

"జంగ్లీఘాట్ రేవు నిండా డోంగీలే. అన్ని వలలూ ఎత్తి చూశావా? చొక్కాకి చేపవాసన లేదే!"

"నా క్లయింట్ పేరు నేను చెప్పను దీదీ. రూల్."

"క్లయింట్ పేరెవరు అడిగారు నాయనా? ఎవరు చెప్పారని అడిగాను. రెండూ ఒకటేనా?"

జీవరాజు జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. చెయ్యి ముందు ఎటు పోయిందో దయావతి చూసింది. ఫోన్ ఉన్న జేబు మీదికి పోయి, అక్కణ్ణుంచి రుమాలు జేబుకి మళ్ళింది.

"ఆయన క్లయింట్ దేవకుమారే అక్కా," అంది ప్రేమావతి. "ఊరంతటికీ తెలుసు. ‘నా స్నేహితుణ్ణి వెతికించండి, ఎంతైనా ఖర్చుపెడతాను’ అని నిన్న చర్చి ప్రార్థనలో నిలబడి చెప్పాడు."

దేవకుమార్ దయావతికి నిక్కర్లేసుకునే వయసునుంచీ తెలుసు. ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చిన సెటిల్‌మెంట్ రోజుల్లో అతని తండ్రి గోదావరి నుంచి వచ్చి, ఫెరార్గంజ్ అవతల అడవి కొట్టి, వక్కతోట వేశాడు. యిర్మియా, దేవకుమార్ ఒకే బెంచీ. ఆ రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన ఒక దొర చర్చికి పాత కంప్యూటర్ ఇచ్చిపోతే, ఊళ్ళో పెద్దలు దానిమీద కుట్టుబట్ట కప్పి పూజావస్తువులా దాచారు. ఆ బట్ట తీసింది ఈ ఇద్దరే. దానిమీద ఒక ఆట తయారుచేశారు. సుడిగుండాలు తప్పించుకుంటూ పడవని రేవుకి చేర్చాలి. పేరు ‘జాలరి’. సెలవుల్లో పిల్లలు వరసకట్టి ఆడేవారు.

"అంత స్నేహం ఎక్కడ తెగింది ప్రేమా?"

"ఆ ఆట దగ్గరే. పాత ఆటల్ని ఇప్పటి కంప్యూటర్లలోకి తెచ్చి అమ్మే కంపెనీ ఒకటి ఉందట. దేవకుమార్ తన ఒక్కడి పేరూ పెట్టి వాళ్ళకిచ్చేశాడు. అన్నకి తెలిసి అడిగాడు. మాటా మాటా వచ్చింది. రెండు క్రిస్మస్‌లు దాటిపోయాయి, పలకరింపుల్లేవు. ఇప్పుడేమో కంపెనీవాళ్ళు, ఆ పాత కంప్యూటర్ కార్డులో ఎలా కనిపించేదో అచ్చం అలాగే కనిపించాలంటున్నారట. అది దేవకుమార్‌కి రాదు. బొమ్మలన్నీ అన్నవి."

"ఆట చూశాన్లే నేను," అన్నాడు జీవరాజు. "ల్యాప్‌టాప్‌లోనూ చూశాను, ఈ మానిటర్‌లోనూ చూశాను. నల్లగీతలు, తెల్లగీతలు. చారల లుంగీ ఆరేసినట్టుంది. దీనికోసం ఎవడు మనిషిని ఎత్తుకుపోతాడు?"

దయావతి లేచి గది చూసింది. టేబుల్ మీద మూత తీసిన పాత కంప్యూటర్. లోపల నిలువుగా గుచ్చిన, అరచేయంత పచ్చటి కార్డు. దాని అంచు వెనక రెండు సాకెట్లు. పెద్దదాంట్లోంచి తీగ మానిటర్‌కి పోయింది. చిన్న గుండ్రటిదాంట్లోంచి పసుపుమూతి తీగ పక్కనున్న బుజ్జి టీవీకి పోయింది. గదిలో ప్రతి వస్తువు మీదా ఉప్పుగాలి పేరుకున్న జిగురు ఉంది. టీవీ మీద లేదు.

"ఇది కొత్తగా వచ్చింది."

"శనివారం. బంగారురాజు బావే తెచ్చాడు, సింగపూర్ ఓడలో పనిచేసినప్పుడు కొన్నది. మన టీవీల్లో ఈ కార్డు రంగులు రావంట అక్కా. అమెరికా, జపాన్ పద్ధతి తెలిసిన టీవీ కావాలి. అది లేకే అన్న ఇన్నేళ్ళూ కాగితం మీద లెక్కగట్టి గీశాడు గాని తను గీసిన రంగుల్ని తను చూడలేదు."

"చూపించు."

ప్రేమావతి మీటలు నొక్కింది. మానిటర్ మీద జీవరాజు చెప్పిన చారల లుంగీ వచ్చింది. ఆ తర్వాత టీవీ వెలిగింది. అవే గీతలు టీవీలో ఒకదాంట్లో ఒకటి ఒరుసుకుని కరిగిపోయాయి. గీతలున్న చోటల్లా రంగు. సముద్రం నిండుగా పొంగింది. మధ్యలో పడవ ఊగుతోంది.

జీవరాజు బూట్లు అప్రయత్నంగా ఒక అడుగు ముందుకు పడ్డాయి. "అరే వాహ్!"

"సముద్రమేంటి వంకాయ రంగులో ఉంది?" అంది దయావతి.

ప్రేమావతికి నిన్నటినుంచీ మొదటిసారి పెదవి కదిలింది. "నీలం రావాలి. పడవ ఎర్రగా రావాలి, ఇలా ఆకుపచ్చగా కాదు. బావ వాళ్ళ నాన్న పడవ చూసి గీశాడు, ఎర్రది, అందరికీ తెలిసిందే. ఆదివారం రాత్రి అన్న జుట్టు పీక్కున్నాడు. ‘కార్డుది తప్పు కాదు చెల్లీ, టీవీది తప్పు కాదు. ఒకరి భాష ఒకరికి అందలేదు. మధ్యన నేను కూర్చుని మాట్లాడించాలి’ అన్నాడు. అది సరిచేశాకే కొత్త కంప్యూటర్లకి ఎక్కిస్తానన్నాడు."

"ఈ వంకాయ సముద్రాన్ని ఎవరెవరు చూశారు?"

"అన్న, నేను. అంతే. బావ టీవీ దింపి అటే వేటకి పోయాడు."

"మా ఆయన అదేటో సూడనేదు. సోమవారం తెల్లారకట్ల డోంగీ కట్టీసి ఇంటికొచ్చి తొంగుంటే, మద్దేనం లాక్కుపోయారు," అంది కాళమ్మ.

"సరైన రంగొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు. చర్చిలో కూడా అనలేదు నేను."

దయావతి కొంగు బిగించింది. "ప్రేమా, ఆ ఇన్సులిన్ ఐసుగడ్డలతో ఫ్లాస్కులో పెట్టివ్వు. జీవా, నీ కారులో ఫెరార్గంజ్ పోదాం."

"నా క్లయింట్‌ని మీరు ప్రశ్నలడగడానికి నేను కారు తోలాలా?"

"తోలకపోతే బస్సులో పోతాను. నేను ఒక్కదాన్నే పోయి ఏం అడుగుతానో నీకు తెలీదు. అది నీకు ఇష్టమేనా?"

జీవరాజు తాళాలు తీశాడు.

*

దేవకుమార్ వరండాలోనే ఎదురొచ్చాడు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, కళ్ళకింద మాత్రం నిద్రలేని నలుపు.

"వందనాలు అక్కా. ఏమైనా తెలిసిందా? నేను అన్నం ముట్టడం లేదు."

"నువ్వు చిన్నప్పటినుంచీ అంతే నాయనా. మీ అమ్మ పళ్ళెం పట్టుకుని వక్కతోటంతా తిరిగేది. కూర్చో."

కొబ్బరినీళ్ళు వచ్చాయి. దయావతి నింపాదిగా తాగుతూ అతని తండ్రి జ్వరాల సంగతి, తల్లి పెట్టిన పనసకాయ పచ్చడి సంగతి తవ్వి తీసింది. జీవరాజు గడియారం చూసుకున్నాడు. ఈ దీవుల్లో ఐదయ్యేసరికే పొద్దు కుంకుతుంది. ఎండ అప్పటికే వరండా మెట్టు దిగిపోయింది.

"మరి యిర్మియాని ఎప్పుడు చూశావు?"

"రెండు క్రిస్మస్‌లు అయిందక్కా."

"ఫోనైనా లేదా?"

"లేదు."

"ఇంటికి పోయి తలుపు తట్టి ఉంటావులే. అభిమానం అడ్డొచ్చి చెప్పుకోలేవు గాని."

"ఆ గుమ్మం తొక్కితే ఒట్టు. దేవుడే సాక్షి. నేను పోయినా వాడు తలుపు తీసేవాడు కాదు."

"ఆయన చెప్పేది రాసుకోండి దీదీ, మళ్ళీ మళ్ళీ అడక్కుండా," అన్నాడు జీవరాజు.

"నాకు రాతకంటే జ్ఞాపకం మెరుగు. ఆ ఆట చూపించు దేవా, మా పిల్లలు ఆడేవారు."

దేవకుమార్ ల్యాప్‌టాప్ తెరిచాడు. చారల లుంగీ. "నా దగ్గరున్నది ఇదే. పాత కాపీ."

"అయ్యో, ఇంతేనా? యిర్మియా దాన్ని ఎంతో ముస్తాబు చేశాడట కదా! కంపెనీవాళ్ళు చూస్తే ఎగరేసుకుపోతారని చర్చిలో అనుకుంటున్నారు. నీ పేరు తీసేసి అతని పేరే పెడతారేమోనని కూడా."

చర్చిలో ఎవరూ అనుకోలేదు. దయావతి అవసరమైతే అలవోకగా అబద్ధమాడుతుంది, ఆదివారం క్షమాపణ అడుగుతుంది.

దేవకుమార్ మెడ ఎర్రబడింది. "ఎవరక్కా అన్నది? ఏం ముస్తాబు? వంకాయ రంగు సముద్రంలో ఆకుపచ్చ పడవ! దాన్ని చూసి ఎగరేసుకుపోతారా? నవ్వుతారు. వాడికి మొండితనం తప్ప..."

ఆగిపోయాడు.

కొబ్బరిబోండాం నోటిదాకా ఎత్తిన జీవరాజు చెయ్యి అక్కడే నిలిచిపోయింది. నీళ్ళు చొక్కా మీద కారుతున్నా దించలేదు.

"సముద్రం వంకాయ రంగని నీకెవరు చెప్పారు దేవా?" అంది దయావతి. గొంతు పెంచలేదు. "శనివారందాకా యిర్మియాకే తెలీదు ఆ సంగతి. ఆ రంగు లోకంలో ఒక్క టీవీలోనే ఉంది. ఆ టీవీ ఒక్క గదిలోనే ఉంది. ఆ గది గుమ్మం తొక్కలేదని ఇప్పుడే దేవుణ్ణి సాక్ష్యానికి పిలిచావు."

"ఫోన్‌లో... వాడే ఫోన్‌లో..."

"ఫోన్ కూడా లేదన్నారు భయ్యా," అన్నాడు జీవరాజు. బోండాం నేలమీద పెట్టాడు. అతని మొహంలో తెలివి, సిగ్గు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. "డోంగీలో వలల కింద చూడమని నాకు ఫోన్ చేసింది మీరే. ఎవరో చెప్పారన్నారు. ఆ ఎవరో పేరు ఇప్పుడు చెప్పండి. చలో, బోలియే."

"నువ్వు నా మనిషివి!"

"డబ్బు మీది. మనిషిని నాకు నేనే."

దేవకుమార్ కుర్చీలో కూలబడ్డాడు. "నేను చంపలేదు. ఒట్టు. సోమవారం తెల్లారకముందే బతిమాలుకుందామని పోయాను. రాత్రంతా పనిచేసినట్టున్నాడు, టీవీ వెలుగుతూనే ఉంది. జీపెక్కు, మా తోటలో కూర్చుని మాట్లాడుకుందాం అన్నాను. వచ్చాడు. రంగులు సరిచేసి ఇస్తే పంపించేస్తానన్నాను. రేపు పొద్దున విమానంలో వెళ్ళే మనిషి చేతికి పెన్‌డ్రైవ్ ఇవ్వాలక్కా. ఇక్కడి నెట్‌లో పంపితే వారమైనా పోదు. ఇవ్వనన్నాడు. జీపులో వాడి చెప్పులుండిపోతే, ఒకటి తీసుకెళ్ళి బంగారురాజు డోంగీలో..."

"ఇన్సులిన్ ఏం చేశావు?"

"ఏ ఇన్సులిన్?"

దయావతి ఫ్లాస్కు ఎత్తి చూపించింది. "యిర్మియాకి షుగర్. నిరుడు బయటపడింది. పొద్దునా సాయంత్రం సూది పడకపోతే బతకడు."

"వాడికి షుగరా?" దేవకుమార్ కుర్చీలోంచి లేచాడు. "చెప్పలేదే. నాకెవరూ చెప్పలేదే..."

"మాటల్లేవు కదా మీకు. ఎక్కడున్నాడు?"

"వక్కల షెడ్డులో. పొద్దున అన్నం తీసుకెళ్తే నన్నే పోల్చుకోలేదు. ఊరికే నీళ్ళు, నీళ్ళు అన్నాడు. నటిస్తున్నాడనుకున్నాను."

ముగ్గురూ తోటలోకి పరుగుతీశారు. దయావతికి మోకాళ్ళు నొప్పి. ఆ సంగతి ఇంటికెళ్ళాక గుర్తొస్తుంది. వక్కచెట్లు దాటగానే మడ అడవి, ఆ మడల మధ్యనుంచి సముద్రంలోకి పోయే ఉప్పునీటి పాయ. ఒడ్డున హిందీలో బోర్డు, మొసళ్ళున్నాయి నీళ్ళలో దిగవద్దని. బోర్డు పక్కనే షెడ్డు. తలుపుకి తాళం వేసినట్టే ఉంది.

"యిర్మియా! నాయనా, నేను దయక్కని!"

లోపల చప్పుడు లేదు. దేవకుమార్ తొందరలో తాళంచెవిని బురదలో జారవిడిచాడు. జీవరాజు అతన్ని తోసేసి బూటుకాలితో తలుపు తన్నాడు. లోపల ఒక చాప, ముట్టని అన్నం, దొర్లిన నీళ్ళకుండ. వెనకగోడకి రెండు చెక్కలు ఊడి ఉన్నాయి. అందులోంచి బయటికి చూస్తే తడిబురదలో చెప్పుల్లేని పాదాల గుర్తులు. ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు, తాగినవాడు నడిచినట్టు. నీటి అంచు దాకా పోయాయి. అక్కణ్ణుంచి బరువైనదాన్ని నీళ్ళలోకి నెట్టిన చార.

"డోంగీ," అన్నాడు జీవరాజు. "నీళ్ళకోసం వెతుక్కుంటూ వచ్చి డోంగీ ఎక్కాడు."

పోటు తీసి పాటు మొదలైంది. పాయలో నీరంతా సముద్రం కేసి లాగుతోంది. దయావతి చెయ్యడ్డం పెట్టుకుని చూసింది. వంపు దగ్గర, మడవేళ్ళకి దూరంగా, నల్లగా ఒక డోంగీ నెమ్మదిగా పోతోంది. తెడ్డు వెయ్యడం లేదు. అంచుమీద ఒక తల ఆనుకుని ఉంది.

"యిర్మియా!"

తల కదిలింది. ఒక చెయ్యి లేచింది, మళ్ళీ వాలిపోయింది.

"బతికున్నాడు! దేవా, ఇంకో పడవ ఉందా? ఎవరిదైనా, దగ్గర్లో?"

దేవకుమార్ బురదలో మోకాళ్ళమీద పడి, ఆ చార పక్కనున్న దేన్నో చేత్తో తడుముతున్నాడు. చెక్కముక్క. పొడుగైనది, తారు పూసినది, మేకులు ఊడదీసినది.

"అది ఏంటి?"

"అడుగుచెక్క," అన్నాడు. "పుచ్చిపోయిందని మొన్న శనివారమే డోంగీని ఒడ్డుకి లాగించి ఊడదీయించాను. కొత్తది కొట్టలేదు. కన్నానికి గోనె కుక్కి ఉంది, అంతే."

వంపు దగ్గర డోంగీ ఒక పక్కకి ఒరిగింది. ఇందాకటికంటే అంచు నీటికి దగ్గరైంది.

దయావతి ఫ్లాస్కుని కొంగులో మూటకట్టి నడుముకి బిగించింది. "జీవా, ఈతొచ్చా?"

జీవరాజు బోర్డు కేసి చూశాడు. నీళ్ళకేసి చూశాడు. పాయ అవతలి గట్టున, ఇందాకటిదాకా దుంగ అనుకున్నది ఒకటి, చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారింది.

"వచ్చు దీదీ," అన్నాడు, వంగి బూట్లు విప్పుతూ.